నాలుగు వందల మీటర్ల దుప్పి

కిందటి మార్చిలో మా లోయ వేటగాళ్ళ సభలో లేచి నిలబడి ఒక మాట అన్నాను. రెండు వందల మీటర్లు దాటి కాల్చినవాడెవడూ, గాయపడి పారిపోయిన జంతువుని నా కుక్కతో వెతికించమని నాకు ఫోన్ చెయ్యొద్దని. "తుపాకీ మీద కొత్త దుర్భిణి బిగించుకోగానే మీకు కొమ్ములొచ్చేస్తున్నాయి. లోయకి ఈ పక్కన కూర్చుని ఆ పక్కనున్న జంతువు కాలు విరగ్గొడతారు. ఆ తర్వాత 'బుర్గీ, నీ కుక్కని తీసుకురా' అంటారు. నా కుక్క మీ పాచిపని చెయ్యడానికి పుట్టలేదు" అన్నాను. కుర్రాళ్ళంతా నేలచూపులు చూశారు. ముందు వరసలో కూర్చున్న మా అన్నయ్య క్విరిన్ ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

నవంబరు రెండో శనివారం పొద్దున ఎనిమిదింటికి నాకు ఫోన్ చేసింది ఆ అన్నయ్యే.

"బుర్గీ, ఆడ దుప్పి. గొడ్డుది, పిల్ల లేదు. దెబ్బ బాగానే తగిలింది గానీ పడలేదే."

"ఎంత దూరం?"

అవతల గొంతు సవరించుకున్నాడు. "వాగు అవతలికి."

"వాగు గురించి కాదు నేనడిగింది. ఎన్ని మీటర్లు?"

"నాలుగొందలకి ఓ ఇరవై తక్కువ."

చేతిలో ఉన్న కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టేసి కూర్చున్నాను. మా అన్నయ్యకి అరవై తొమ్మిదేళ్ళు. నలభై ఐదేళ్ళుగా వేటాడుతున్నాడు. నూట యాభై మీటర్లు దాటి కాల్చిన పాపాన పోలేదు. తడిగడ్డిలో గంటలకొద్దీ పొట్ట మీద పాకి, జంతువు నెమరేస్తున్న చప్పుడు వినపడేంత దగ్గరికి వెళ్ళేవాడు. వెళ్ళి, మనసొప్పక కాల్చకుండానే తిరిగొచ్చిన రోజులు కూడా ఉన్నాయి. నాకు తుపాకీ పట్టడం నేర్పింది అతనే. అలాంటివాడు ఇలాంటి పని చేశాడంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ పెట్టేద్దామనే అనుకున్నాను. కానీ కొండ మీద ఎక్కడో ఒక జంతువు తూటా దెబ్బతో పడి ఉంది. సభలో నేనేమన్నానో దానికి తెలియదు.

"ఎన్నింటికి కాల్చావు?"

"ఏడుంపావుకి."

"వెంటపడ్డావా?"

"లేదే. అది నిలబడ్డ చోటు దాకా వెళ్ళి, కొమ్మ విరిచి గుర్తు పెట్టి వచ్చేశాను."

"ఇంక అక్కడ అడుగు పెట్టకు. పదకొండుకి వస్తాను."

గాయపడ్డ జంతువు వెంట వెంటనే పోకూడదు. ఎవరూ తరమకపోతే అది దగ్గర్లోనే పొదలో పడుకుంటుంది, ఒళ్ళు బిగుసుకుపోతుంది. తరిమితే మూడు కొండలు దాటిపోతుంది. కాబట్టి ఆగాలి. అయితే ఆ రోజు ఆగడానికి టైమ్ కూడా లేదు. మధ్యాహ్నం రెండు దాటాక మంచు మొదలవుతుందనీ, తెల్లారేసరికి మోకాలి లోతు పడుతుందనీ రేడియోలో చెప్తున్నారు. మంచు పడితే వాసన ఉండదు, అడుగులుండవు. కుక్క ఎంత గొప్పదైనా చేసేదేమీ లేదు. పదకొండు నుంచి రెండున్నర దాకా, అంతే మాకున్నది. ఆలోగా దొరక్కపోతే ఆ దుప్పి మంచు కింద రోజుల తరబడి బతికే ఉంటుంది. మూడేళ్ళ కింద అలాంటిదాన్ని ఒకదాన్ని చూశాను. నక్కలు అది చచ్చేదాకా ఆగలేదు. ఇంతకన్నా చెప్పను.

నేను వెళ్ళేసరికి వాగు ఇవతలి గట్టు మీద, కాల్చడానికి కూర్చునే చెక్కబల్ల దగ్గర అన్నయ్యతో పాటు గీడి కూడా ఉన్నాడు. గీడి అడవిలో చెట్లు కొట్టే పని చేస్తాడు. నలభై ఏళ్ళుంటాయి. అన్నయ్య పక్కింటివాడు, చిన్నప్పటినుంచీ అతన్ని బాబాయ్ అనీ నన్ను అత్తా అనీ పిలుస్తాడు. నోటికి మాత్రం తాళం లేదు.

"ఏం అత్తా, రెండొందలు దాటితే రానన్నావుగా? ఇంట్లోవాళ్ళకైతే మినహాయింపా?"

"నోరు ముయ్యరా. నీ పెద్ద దుర్భిణి మూడు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టుకుని ఇక్కడే కూర్చో. అవతలి వాలంతా నీకు కనిపిస్తుంది. దుప్పి బయటికొస్తే ఫోన్ చెయ్యి. ఊరికే జోకులెయ్యడానికి చేశావంటే మాత్రం ఊరుకోను."

"మరి నీ కుక్క బిర్కా సంగతేంటి? దానికైనా నీకన్నా కోపం తక్కువేనా?"

"అది నాకన్నా ఎక్కువే కరుస్తుంది."

అన్నయ్య నవ్వలేదు. రెండు రోజులు గీసుకోని గడ్డంతో, నా మొహం చూడకుండా, పక్కకి చూస్తూ నిలబడ్డాడు. సిగ్గు పడుతున్నాడనుకున్నాను. పడాలి కూడా. అతని భుజానికి కొత్త తుపాకీ ఉంది, దాని మీద మోచేయంత పొడుగు దుర్భిణి.

"ఇది ఎప్పుడు కొన్నావు?"

"వేసవిలో."

"ఎందుకు కాల్చావు అంత దూరం?"

"దగ్గరికి వెళ్ళలేకపోతున్నానే. మోకాళ్ళు."

"మోకాళ్ళు నొప్పైతే ఇంట్లో కూర్చో. జంతువుల కాళ్ళు విరగ్గొట్టడమెందుకు?"

ఆ మాట అనేశాక నాకే బాధగా అనిపించింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

ముగ్గురం, అంటే నేనూ అన్నయ్యా బిర్కా, వాగు దాటి అవతలి వాలు ఎక్కాం. అన్నయ్య రెండుసార్లు రాళ్ళ మీద జారాడు. ఎండిపోయిన లార్చ్ చెట్టు కింద అతను విరిచి పెట్టిన కొమ్మ ఉంది. వేట జంతువు నిలబడ్డ చోట తప్పకుండా ఏదో ఒకటి ఉంటుంది. తూటా కోసిన వెంట్రుకలో, రక్తపు చుక్కో, గిట్టలు గట్టిగా దిగబడ్డ మట్టో. వంగి వెతికాను. ఏమీ లేదు. బిర్కా మెడకి వెడల్పాటి పని పట్టీ వేశాను. అది వేస్తే చాలు, ఇంట్లో పొయ్యి ముందు నిద్రపోయే కుక్క కాస్తా మనల్ని కూడా గుర్తుపట్టని కుక్క అయిపోతుంది. అయినా ఇక్కడ అది ముక్కు కింద పెట్టి, తీసి, నా వైపు చూసింది.

"ఇక్కడేనా?"

"ఇక్కడే. ఎండిన లార్చ్ కింద."

పైకి చూశాను. డెబ్బై అడుగుల పైన ఇంకో ఎండిన లార్చ్ ఉంది. వాగు అవతలినుంచి చూసినప్పుడున్నట్టు ఇటు వచ్చాక ఏదీ ఉండదు, ఎవరికైనా పొరపాటు జరుగుతుంది. అందుకే దూరం నుంచి కాల్చకూడదనేది. కానీ ఈ వాలు మీద క్విరిన్‌కి తెలియని చెట్టు లేదు. ముసలితనమనుకుని, ఏమీ అనకుండా బిర్కాని అడ్డంగా తిప్పుకుంటూ పైకి తీసుకెళ్ళాను. రెండో చుట్టులో దాని తల ఠక్కున కిందికి దిగింది. తోక కదలడం మానేసింది.

గడ్డిలో బొటనవేలి గోరంత ఎముక ముక్క ఉంది. పక్కన నాలుగు పొట్టి వెంట్రుకలు. ముక్కని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశాను. మందపాటి గోడ, గొట్టంలా వంపు, లోపల మూలుగ.

"భుజం వెనకే కదా గురి పెట్టానన్నావు?"

"అక్కడే."

"ఇది ముంగాలు అన్నయ్యా. మోకాలి పైన. నీ తూటా కిందికి దిగిపోయింది."

అతను ఎముక ముక్క తీసుకుని మొహానికి బాగా దగ్గరగా పెట్టుకున్నాడు. పొట్టలో దెబ్బైతే పడుకుని ఉండేది. ముంగాలు విరిగిన దుప్పి మూడు కాళ్ళ మీద రోజంతా నడవగలదు. దాన్ని లేపాలి, కుక్క దాన్ని నిలబెట్టాలి, నేను దగ్గరికి చేరాలి. అప్పుడు టైమ్ పన్నెండుకి పది నిమిషాలు తక్కువ. అవతలి శిఖరం అప్పటికే మబ్బులోకి వెళ్ళిపోయింది.

పది మీటర్ల తాడు వదిలాను. బిర్కా ముందు, నేను వెనక, నా వెనక అన్నయ్య. మొదటి అరగంట పొదల్లోనే. మనిషి నడుమెత్తున ఒకదాన్నొకటి పట్టుకుని పెరిగిన ఆల్డర్ పొదలవి. కొమ్మలు మొహం మీద కొడుతున్నాయి, తాడు చిక్కుకుంటోంది. రక్తం ఎక్కడా ఎక్కువ లేదు. ఒక ఆకు మీద చుక్క, ఒక రాయి మీద చేత్తో తుడిచినట్టు చిన్న మరక. బిర్కా దాన్ని చూపించి, నేను "మంచి పిల్లవే" అనేదాకా ఆగి ముందుకి పోయేది.

తడిమట్టి ఉన్నచోట దుప్పి అడుగులు కనిపించాయి. మూడు గిట్టలు లోతుగా, నాలుగోది ఈడ్చుకుంటూ గీసిన గీత. వాటి పక్కనే ఇంకో చిన్న గిట్టల వరస ఉంది. నిజం చెప్పాలంటే నేను దాన్ని చూశాను. వేరే జంతువేదో ముందు రోజు వెళ్ళి ఉంటుందిలే అనుకున్నాను. గొడ్డుదని అన్నయ్య చెప్పాడు. క్విరిన్ గొడ్డుదంటే అది గొడ్డుదే. నలభై ఐదేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదు. తీరిగ్గా వంగి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. వంగలేదు.

పన్నెండున్నరకి బిర్కా ఒక్కసారిగా ముందుకి లాగింది. పైన రాళ్ళు దొర్లిన చప్పుడు వినిపించింది. ఏదో బరువైనది లేచి, పొదలు విరగ్గొట్టుకుంటూ పోయింది. నా జేబులో ఫోన్ మోగింది.

"అత్తా, లేచింది! రాళ్ళ వాలు మీదికొచ్చింది. మూడు కాళ్ళ మీద పోతోంది. ముంగాలు ఊగుతోందత్తా, అబ్బా, చూళ్ళేకపోతున్నా."

"ఎటు?"

"నీకు కుడివైపు. పెద్ద గండి వైపు. ఆగు. ఆగత్తా."

"చెప్పరా!"

"ఒకటి కాదత్తా. రెండున్నాయి." గీడి గొంతులో వెటకారమంతా పోయింది. "దాని వెనక పిల్ల ఉంది."

నేను వెనక్కి తిరిగాను. అన్నయ్య కూడా విన్నాడు. ఫోన్‌లో గీడి అరుపు పది అడుగుల దూరానికి వినపడుతుంది.

మా దగ్గర తుపాకీ చేతికిచ్చేముందే నేర్పే మొదటి పాఠం ఒకటుంది. పిల్ల ముందు, తల్లి తర్వాత. పిల్లని కాల్చకుండా తల్లిని కాల్చకూడదు. ఒంటరిగా కనపడ్డ ఆడ దుప్పిని చూస్తే గంటసేపైనా ఆగి, చుట్టూ ఉన్న ప్రతి పొదా వెతకాలి, పిల్ల పడుకుని ఉంటుందేమోనని. తల్లి పోయిన పిల్లని మంద దగ్గరికి రానివ్వదు. మేత దగ్గర తన్ని తరుముతుంది. క్రిస్మస్ నాటికి ఎముకలు తేలి, ఏదో వాగు పక్కన పడిపోతుంది. ఈ తప్పు చేసినవాణ్ణి మా లోయలో ఎవరూ తిట్టరు. వాడు కూర్చున్న బల్ల దగ్గర కూర్చోరు, అంతే.

"గొడ్డుదన్నావు" అన్నాను.

"ఒక్కటే కనపడిందే."

"గీడిగాడికి ఇంకా ఎక్కువ దూరం నుంచి రెండూ కనపడ్డాయి! నీ కొత్త దుర్భిణి దేనికి? భుజాన వేసుకుని ఊరేగడానికా? ఎంతసేపు చూశావు కాల్చేముందు?"

"చాలాసేపే చూశాను."

"చూస్తే కనపడదా? లేక కనపడినా కాల్చావా?"

అతను దెబ్బ తగిలినట్టు తలెత్తాడు. "నన్ను అంత మాటంటావా బుర్గీ?"

"ఇంకేమనాలో నువ్వే చెప్పు."

చెప్పించుకునే టైమ్ లేదు. ఒకదాని కోసం వచ్చాం, ఇప్పుడు రెండయ్యాయి. రెండూ ఈరోజే దొరకాలి. దొరక్కపోతే తల్లి ఈ వారంలో, పిల్ల నెలరోజుల్లో, రెండూ ఒకే మనిషి వల్ల చస్తాయి. ఆ మనిషి నా తోడబుట్టినవాడు. వంగి బిర్కా పట్టీ విప్పేశాను.

"పట్టవే" అన్నాను.

అది రాళ్ళ మీదుగా ఎర్రటి గీతలా పోయి కనపడకుండా పోయింది. ఇక చెవులే దిక్కు. గాలి. కింద వాగు. నా ఊపిరి. రెండు నిమిషాలు, మూడు, ఐదు. గండిలో ఎత్తైన రాతి అంచులున్నాయి. గాయపడ్డ దుప్పి వీపు బండకి ఆనించి నిలబడితే కుక్కని కొమ్ముల్లేకపోయినా గిట్టలతో చంపేయగలదు. దీనికి ముందున్న నా కుక్క అలాగే పోయింది. మొదటి మంచు పలుకు నా చేతి మీద పడింది. ఒంటిగంటన్నా కాలేదు. రేడియోవాళ్ళని మనసులో బూతులు తిట్టాను.

అప్పుడు వినపడింది. కుడివైపు కిందనుంచి బిర్కా మొరుగుడు. పరిగెడుతూ మొరిగేది కాదు, ఒకేచోట నిలబడి, ఆపకుండా, తెగించి మొరిగే మొరుగుడు.

"నిలబెట్టింది!" అన్నాను. "నువ్వు నెమ్మదిగా రా. గండి అంచు దగ్గర ఆగిపో. తుపాకీ ముట్టుకోకు." కుక్క పక్కనుండగా దాన్ని నడిపేవాళ్ళు తప్ప ఎవరూ కాల్చకూడదు.

ఎంత వేగంగా దిగానో నాకు గుర్తులేదు. అరవై ఒకటో ఏట అలా దిగకూడదని మాత్రం నా తుంటి మర్నాడు చెప్పింది. గండి అడుగున మోకాలి లోతు నీళ్ళలో, నల్లటి బండకి వెనకభాగం ఆనించి దుప్పి నిలబడి ఉంది. విరిగిన కాలు నీళ్ళలో ఊగుతోంది. ముందు బిర్కా, పళ్ళు బయటపెట్టి, దూకుతూ, తప్పుకుంటూ. దుప్పి మంచికాలు ఎత్తి విసిరింది. బిర్కా చెవి పక్కనుంచి పోయింది. నేను ఎనిమిది అడుగుల దగ్గరికొచ్చి నా పొట్టి తుపాకీ ఎత్తాను. కుక్క అడ్డంగా ఉంది. తప్పుకుంది. మళ్ళీ అడ్డం వచ్చింది. బిర్కా ఒక్క క్షణం నీళ్ళలో జారి పక్కకి పడింది, అప్పుడు కాల్చాను.

దుప్పి కూర్చున్నట్టే కూర్చుని పక్కకి ఒరిగింది. ఇంక కదల్లేదు.

బిర్కా ఒళ్ళంతా తడిమి చూశాను. తొడ మీద చీరుకుంది గానీ లోతు లేదు. దుప్పిని నీళ్ళలోంచి గులకరాళ్ళ మీదికి ఈడ్చాను. పొదుగు నిండుగా ఉంది. పిండితే వేళ్ళకి తెల్లటి పాలొచ్చాయి. అన్నయ్య దిగి వచ్చేసరికి నేను ఆ చెయ్యి తుడుచుకోకుండా అతని ముందు చాపాను. అలా చెయ్యక్కర్లేదని తెలుసు. చేశాను.

అతను టోపీ తీశాడు.

"పిల్లేది?" అన్నాడు.

"పారిపోయింది. వస్తుంది."

అదీ ఒక పద్ధతే. తల్లి పడిన చోటే పడి ఉండనివ్వాలి. కుక్కని దూరంగా కట్టెయ్యాలి. గాలి ఎదురుగా తగిలేచోట కదలకుండా కూర్చోవాలి. పిల్ల వెతుక్కుంటూ వస్తుంది. ఎప్పుడూ వస్తుంది. వచ్చినప్పుడు దాన్ని కాల్చడం తప్పు చేసినవాడి పని. ఇంకెవరూ చెయ్యరు, చెయ్యకూడదు. వాడు దాన్ని జన్మలో మర్చిపోకుండా ఉండాలనే ఆ పద్ధతి పెట్టారనుకుంటాను.

నలభై అడుగుల దూరంలో పడిపోయిన స్ప్రూస్ మాను వెనక కూర్చున్నాం. అన్నయ్య తుపాకీ కింద నా సంచి పెట్టాను. దుర్భిణిని దగ్గరి చూపుకి నేనే తిప్పాను. మంచు పలుచగా, నిలువుగా పడుతోంది. చూపుకి అడ్డం వచ్చేంత లేదు. పది నిమిషాలు. పావుగంట. నా సంచిలో రొట్టె ఉంది, పొద్దుటినుంచీ ఇద్దరం ఏమీ తినలేదు. తినబుద్ధి కాలేదు.

ఇరవై నిమిషాలకి పొదల అంచున చెవులు కనపడ్డాయి. తర్వాత మెడ. పిల్ల రెండడుగులు వేసి ఆగింది. ఐదు నెలలుంటాయేమో. చలికాలపు బొచ్చు అప్పుడే దట్టంగా వస్తోంది. ముక్కు ఎత్తి గాలి చూసి, సన్నగా ఒక పిలుపు పిలిచింది. ఎవరూ పలకలేదు. గులకరాళ్ళ మీదికి వచ్చి, తల్లి మెడ వాసన చూసి, పక్కకి జరిగి, మాకు అడ్డంగా నిలబడింది. అంతకన్నా తేలికైన గురి ఉండదు.

"వచ్చింది" అన్నాను ఊపిరితో.

అన్నయ్య తల ఊపాడు. చెంప తుపాకీకి ఆనించాడు. లాక్ తీసిన చప్పుడు వినపడింది.

ఎదురుచూశాను. కాల్చలేదు. పిల్ల తల తిప్పి మా వైపు చూసింది. నేను గడ్డకట్టినట్టు కూర్చున్నాను.

"కాల్చు."

తూటా పేలలేదు. ఇంకో క్షణంలో అది పారిపోతుంది, మంచు కప్పేస్తుంది, ఇంక అయిపోయింది.

"అన్నయ్యా, కాల్చు!"

"ఎక్కడ?" అన్నాడు.

ఏడుస్తున్నాడేమో, కన్నీళ్ళడ్డొస్తున్నాయేమో అనుకుని తిరిగి చూశాను. కళ్ళు పొడిగా, బాగా తెరుచుకుని ఉన్నాయి. తుపాకీ గొట్టం వైపు చూశాను. అది పిల్లకి ఆరడుగుల ఎడమగా ఉన్న గోధుమరంగు బండకి గురిపెట్టి ఉంది.

అప్పటికి అర్థమైంది నాకు. పొద్దుటినుంచీ నేను తిట్టిన ప్రతి తిట్టూ తప్పు చోట తగిలింది. నేను చెయ్యి చాపి అతని తుపాకీ లాక్ వేశాను. అతను వదిలేశాడు, పెనుగులాడలేదు. నా తుపాకీ ఎత్తాను. పిల్ల ఇంకా మా వైపే చూస్తోంది. కాల్చాను.

చప్పుడు గండిలో తిరిగి తిరిగి పోయింది.

"పడిందా?" అని అడిగాడు అన్నయ్య.

నలభై అడుగుల దూరంలో పడిన దాని గురించి నన్నడిగాడు.

"పడింది."

పైన కట్టేసిన బిర్కా మూలుగుతోంది.

"ఎప్పటినుంచి?"

"ఈస్టర్ ముందునుంచి. మొదట కుడిది, తర్వాత ఎడమది. నడిమధ్యలో మరక. దేన్ని సూటిగా చూస్తే అదే కనపడదు బుర్గీ. పక్కనుంచి చూస్తే కాస్త ఆనుతుంది. ఇన్స్‌బ్రుక్‌లో డాక్టర్ ఇంక బాగుపడదన్నాడు."

"మరి బండి ఎలా నడుపుతున్నావు?"

"గీడి తీసుకొస్తున్నాడు. కీళ్ళనొప్పులని చెప్పాను."

"మరి ఇంత దూరం ఎందుకు కాల్చావు?"

"దూరమైనా దగ్గరైనా నాకు ఒకటే కదే ఇప్పుడు. ఆ దుర్భిణిలో అంతా పెద్దగా కనపడుతుంది. అక్కడికి ఎన్ని మీటర్లో గీడి ఎప్పుడో కొలిచి చెప్పాడు. గడ్డిలో ఒక ఆకారం కదిలింది. పొడుగు మెడ, కొమ్ముల్లేవు. ఒక్కటే ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంకొక్కసారి చెయ్యగలనేమో అనుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే తుపాకీ లాక్కునేదానివి."

"లాక్కునేదాన్నే."

"అందుకే."

కోపం పోయిందని నేను చెప్పను. ఆ రోజు పోలేదు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. రెండు ప్రాణాలు గులకరాళ్ళ మీద పడి ఉన్నాయి. కానీ అతని పక్కన ఆ మాను వెనక కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది, దాచుకోకుండా ఏడ్చాను. అతనికి కనపడదు గదా అని ఒక క్షణం అనిపించి, ఆ ఆలోచనకి ఇంకా ఎక్కువ ఏడ్చాను.

అన్నయ్య తుపాకీలోంచి తూటాలు ఒక్కొక్కటీ తీసి నా అరచేతిలో పెట్టాడు. తర్వాత తుపాకీ కూడా నా ఒళ్ళో పెట్టాడు.

"సభలో నేనే చెప్తాను. నువ్వు చెప్పకు."

"సరే."

"గీడికి?"

"వాడికి ఫోన్ చేసి తాళ్ళు తెమ్మంటాను. మిగతాది నువ్వే చెప్పుకో."

కిందికి దిగాం. ఈసారి అతను నా భుజం పట్టుకుని దిగాడు, మోకాళ్ళ సాకు చెప్పకుండా. నేను స్ప్రూస్ కొమ్మనుంచి రెండు రెమ్మలు విరిచాను. చంపిన జంతువు నోట్లో పచ్చటి రెమ్మ పెడతాం, అది దాని చివరి మేత. పెట్టేవాడు టోపీ తీసి మోకాళ్ళ మీద కూర్చోవాలి. ఆ తర్వాత కుక్కని నడిపినవాళ్ళు వేటగాడికి శుభం పలుకుతూ చెయ్యి కలపాలి. ఆ మాట నా నోట రాలేదు, అతనూ దాని కోసం చూడలేదు.

తల్లికి అతనే పెట్టాడు. పిల్ల దగ్గరికి నేను వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"దానిదీ ఇలా ఇవ్వు."

"దాన్ని కాల్చింది నేను."

"చంపింది నేను."

రెమ్మ ఇచ్చాను. మోకాళ్ళ మీద కూర్చుని, నా గొంతు వినపడ్డ వైపుకి మొహం తిప్పాడు.

"అది మనల్ని చూసిందా?"

లేదనొచ్చు. ఎవరైనా లేదనే అంటారు. కానీ మా మధ్య అప్పటికే చాలా అబద్ధాలు అయిపోయాయి.

"చూసింది. నువ్వు గురి పెట్టినంతసేపూ మనవైపే చూసింది."

తల ఊపాడు. చెయ్యి చాపి పిల్ల వీపు తడిమాడు. అక్కడినుంచి మెడ మీదికి, చెవికి, దవడకి వచ్చాడు. మూతి దొరికిందనుకుని రెమ్మ పెట్టాడు. అది జారి మంచులో పడింది. తీసివ్వబోయి ఆగిపోయాను. అతను చేత్తో మంచంతా వెతికి రెమ్మ తీసుకున్నాడు. మళ్ళీ చెవి దగ్గరనుంచి మొదలుపెట్టాడు. పెదవులు వేళ్ళతో తెరిచి, రెమ్మ పళ్ళ మధ్య పెట్టి, పడిపోకుండా దవడ కాసేపు పట్టుకుని కూర్చున్నాడు.